పత్రిక అందని ఇండ్లు

జనగామ
24 నవంబర్ 2023, రాత్రి

అమ్మా,

ఫోన్ల చెప్తే నీకు సగం వినబడదు. వినబడిన సగాన్ని చెల్లెకు ఇంకో తీరుగ చెప్తవు. అందుకే రాస్తున్న.

పొద్దుగాల ఎనిమిదింటికి కరీంనగర్ బస్టాండుల నిలబడితే పదకొండుకు బస్సు దొరికింది. బస్సులన్నీ సభలకు పోయినయట. పెండ్లి పత్రికల సంచి నా ఒళ్లె, కుంకుమ భరిణె మా యారాలి ఒళ్లె. ఎక్కినప్పటి నుంచి దిగేదాక ఆమె ఒకటే పాట: "ఎలక్షన్లల్ల పత్రికలు పంచేటోళ్లు మనమే ఉంటం." ధనుర్మాసం రాకముందే పెండ్లి చెయ్యాలంటే మరి ఎప్పుడు పంచాలె?

చేర్యాలల దిగి రెండిండ్లకు బొట్టు పెట్టినం. నకాశీ బొమ్మలు చూడలేదు, టైం లేదు. చేర్యాల సిద్దిపేట జిల్లాల ఉన్నది, ఓటు మాత్రం జనగామకు. 2016ల కొత్త జిల్లాలు చేసినప్పుడు గీతలు అట్ల పడ్డయి. అక్కడి పెద్దమనిషి ఒకాయన అన్నడు: "కలెక్టర్ ఒక దిక్కు, ఎమ్మెల్యే ఒక దిక్కు, నడుమ మేము." రెవెన్యూ డివిజన్ అడిగి అడిగి నోరు ఎండిందట.

జనగామల చిన్నత్త ఇంట్ల సర్వపిండి తిన్న. ఇది రాయకుండ ముందుకు పోలేను. నువ్వు చేసినట్టే సర్వ లోపల పిండి ఒత్తి, వేలితోని బొక్కలు పెట్టి, బొక్కబొక్కకు నూనె పోసి, సన్న సెగ మీద పెట్టింది. అడుగు ఎర్రగ మాడి, పైన మెత్తగ. నువ్వులు మాత్రం నీకన్న ఎక్కువ వేసింది. కోపం చెయ్యకు, మంచిగనే ఉండె.

తింటుంటె చిన్నత్త కొడుకు మొదలుపెట్టిండు. గ్రూప్-1 పరీక్ష పోయినేడు అక్టోబరుల ఒకసారి రాసిండు. పేపర్లు లీకైనయని మార్చిల రద్దు. జూన్‌ల మళ్ల రాసిండు. సెప్టెంబరుల హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. గ్రూప్-2 వాయిదా. "పరీక్ష తప్పినోనికి తప్పిన అన్న తృప్తన్న ఉంటది వదినా, మాకు అదీ లేదు," అన్నడు. నా దగ్గర మాట లేదు, ఇంకో ముక్క తిన్న.

ఇక్కడ ముత్తిరెడ్డి యాదగిరిరెడ్డిని పక్కకు పెట్టి కేసీఆర్ పార్టీ కారు గుర్తు మీద పల్లా రాజేశ్వర్‌రెడ్డిని నిలబెట్టిన్రు. చెయ్యి గుర్తు మీద కొమ్మూరి ప్రతాప్‌రెడ్డి. నలభై ఏండ్లు కాంగ్రెస్‌ల ఉన్న పొన్నాల లక్ష్మయ్య అక్టోబర్ 16న ఇక్కడి సభలనే కారెక్కిండు. పోయినసారి ముత్తిరెడ్డికి పొన్నాలకు పోటీ. ఈసారి ఇద్దరూ బరిల లేరు.

మాటలల్ల ఉండంగనే ఆఖరి ఆటో పోతదని యారాలు లేపింది. చెయ్యి సరిగ్గ కడుక్కోకుండనే ఉరికినం. ఇప్పుడు స్టేషన్ దగ్గర యారాలు వాళ్ల పెదనాన్న ఇంట్ల ఉన్నం. దోమలు.

మనుమడు మేరీలాండ్ నుంచి ఫోన్ చేసి, "అమ్మమ్మా, మీ గవర్నర్ ఎలక్షన్ల ఎవరు గెలుస్తరు?" అన్నడు. మనకు గవర్నర్‌ను ఢిల్లీ వాళ్లు పంపుతరు బిడ్డా, ఈ కొట్లాట ముఖ్యమంత్రి కుర్చీ కోసం అని చెప్పిన. వాళ్ల దగ్గర గవర్నర్ కిందనే ఉండే లెఫ్టినెంట్ గవర్నర్ అరుణా మిల్లర్ మన హైదరాబాద్‌ల పుట్టిందని వాడే నాకు చెప్పిండు. సముద్రం దాటినోళ్లకు మన ముచ్చట్లు మనకన్న ఎక్కువ తెలుస్తయి.

గోలీలు మరువకు.


మానుకోట
26 నవంబర్, మధ్యాహ్నం

అమ్మా,

కాగితాల మీద మహబూబాబాద్, బస్సుల మానుకోట. స్టేషన్ దగ్గర దిగంగనే యారాలు 2010 మే 28 నాటి రాళ్ల ముచ్చట ఎత్తుకున్నది. ఆ రోజు జగన్ వస్తున్నడంటె పట్టాల మీది కంకర అంత గాలిల ఉండెనట. నాకు మాత్రం ఆటో దొరికితె చాలనిపించింది.

ఆటో ముచ్చట విను. మూడు కిలోమీటర్లకు మూడు వందలట! "ఎందుకు బిడ్డా?" అంటె, "ర్యాలీకి పోతె డీజిల్ పోసి, పైసలిచ్చి, బిర్యానీ పెడుతున్నరు. మీరు బిర్యానీ పెడతరా?" అన్నడు. నేను లెక్కలు చెప్పిన. ముప్పై ఏండ్లు బడిల లెక్కలు చెప్పినదాన్ని, ఆటో దగ్గర ఓడిపోతనా? నూటఎనభైకి దింపిన. ఎక్కినంక యారాలు కాంగ్రెసోళ్ల ఆరు గ్యారంటీలు తీసింది: ఆడోళ్లకు బస్సు ఉత్తగనే, నెలకు 2,500, గ్యాసు 500కే. ఆటో పిలగాడు అద్దంల చూసి, "బస్సు ఉత్తగైతే నా ఆటో ఎవరెక్కుతరమ్మా?" అన్నడు. దిగేటప్పుడు నేనే రెండు వందలు ఇచ్చిన. యారాలు ఇంకా తిడుతనే ఉన్నది.

వచ్చేటప్పుడు పాలకుర్తి మీదుగ వచ్చినం. పోతన ఊరు బమ్మెర అటే, చాకలి ఐలమ్మ నేల అదే. కానీ బస్సుల అందరిదీ అత్తాకోడండ్ల ముచ్చటనే. అమెరికా నుంచి వచ్చి ఝాన్సీరెడ్డి పోటీకి అంత తయారు చేసుకుంటె, పౌరసత్వం కాడ ఆగింది. 26 ఏండ్ల కోడలు యశస్వినీరెడ్డిని దింపిన్రు. ఎదురుగ 1994 నుంచి అసెంబ్లీకి గెలుస్తనే వస్తున్న ఎర్రబెల్లి దయాకర్‌రావు. "అత్త దున్నిన మడిల కోడలు నాట్లేస్తున్నది," అన్నదొక ముసలామె. మన ఇంటికి వచ్చే పిల్ల చాయ పెట్టినా చాలని నేనన్న. నువ్వు పెట్టినవా కొత్తల, అని నువ్వు అడుగుతవు. తెలుసు.

కార్తీకం గనుక ఆదివారమైనా నీసు లేదు. జొన్నరొట్టె, చిక్కుడుకాయ, పచ్చిపులుసు. మిరపకాయలు నిప్పుల మీద కాల్చి ఇంటామె చేతితోనే పిసికింది. కండ్లల్ల నీళ్లు తిరిగినయి. కారానికో నీ మీద బెంగకో తెలియలేదు.

వీళ్ల చేన్ల పత్తి ఏరనీకి తండా నుంచి ఒకామె వస్తది. జూన్ ఆఖరుల పోడు పట్టాలు పంచినప్పుడు మరిదికి వచ్చింది, ఆమెకు రాలేదు. రెండు చెలకల నడుమ ఒక్క గెట్టే. 2005 డిసెంబర్ 13 కన్న ముందు నుంచి దున్నుతున్నట్టు చూపియ్యాలె అన్నరట. "అడవి కొట్టిన నాడు తారీకు ఎవరు రాసుకుంటరు?" అన్నది. పట్టా ఉంటె రైతుబంధు ఎకరానికి పంటకు ఐదు వేలు; పట్టా లేకుంటె అదీ లేదు. కౌలుకు చేసేటోళ్లదీ అదే గతి. ఇంటాయన దళితబంధు సంగతి చెప్పిండు. మొదలు నియోజకవర్గానికి వంద ఇండ్లకు పది లక్షల చొప్పున ఇచ్చిన్రు. వంద ఇండ్లోళ్లు సంబురపడ్డరు. మిగిలినోళ్లు ఆ వంద ఇండ్ల దిక్కు చూసుకుంట కూసున్నరు.

అమ్మా, మనం పత్రికలు పంచుతున్నం గద. అందినోళ్లు మూలకు పెట్టి మరిచిపోతరు. అందనోళ్లు మాత్రం సచ్చేదాక యాదిపెట్టుకుంటరు. కారు మీద శంకర్‌నాయక్, చెయ్యి మీద మురళీనాయక్ అని మైకులు మొత్తుకుంటున్నయి గానీ, ఆ తండామె చూపు గెట్టు మీదనే ఉన్నది.

బయ్యారం ఉక్కు ఫ్యాక్టరీ గురించి ఎవరూ ఎక్కువ మాట్లాడలేదు. పదేండ్ల నుంచి విని విని అలిసిపోయినట్టున్నరు.


భూపాలపల్లి
28 నవంబర్, సాయంత్రం

అమ్మా,

గొంతు నొస్తున్నది, ఒళ్లు వేడి. యారాలు మిరియాల చారు పెట్టిచ్చింది. కంగారు పడకు.

చెల్పూరు దగ్గర కరెంటు కేంద్రం పొగ కనబడంగనే ఊరొచ్చిందని లేపిన్రు. కోటగుళ్లు చూద్దామనుకున్న, కాలేదు. మామ సింగరేణిల పని చేసి దిగిండు. ఆయన చెప్పంగ విన్న, ఇక్కడి కథ తోలుబొమ్మలాట తీరుగ ఉన్నది. 2018ల గండ్ర వెంకటరమణారెడ్డి చెయ్యి గుర్తు మీద గెలిచిండు, మరుసటేడు కారెక్కిండు. అప్పుడు సింహం గుర్తు మీద ఓడిన గండ్ర సత్యనారాయణరావు ఇప్పుడు చెయ్యి పట్టుకున్నడు. కమలం మీద చందుపట్ల కీర్తిరెడ్డి. ఎవరికి వేస్తవంటె "గండ్రకే" అని నవ్వుతున్నరు.

నాలుగు గొట్టంగనే మైకులు బంద్. ఇది అడవి ప్రాంతమని పోలింగ్ కూడ నాలుగింటికే ముగిస్తరట. ఆ నిశ్శబ్దానికి తల నొప్పి సగం తగ్గింది.

మేడిగడ్డ ఈ జిల్లాలదే, మహదేవపూర్ మండలం. ఓట్లు మాత్రం మంథనికి. 2019 జూన్‌ల మొదలైన బరాజు, 85 గేట్లు; అక్టోబర్ 21 రాత్రి పిల్లర్లు కుంగినయి. రాహుల్ గాంధీ వచ్చి చూసి పోయిండు. లక్ష కోట్ల ప్రాజెక్టు అని ఊరూరా పలుకుతున్నరు. నేనడిగిన: "మామా, నీ ఓటు దాని మీదనేనా?" ఆయన చాయ తాగి, "అది కుంగకముందే ఇండ్లల్ల ఏదో కుంగింది. డబుల్ బెడ్రూం ఇండ్ల కాడ, ధరణి భూమి రికార్డులల్ల పేరు తప్పు పడ్డ కాడ. పిల్లర్ కండ్లకు కనబడ్డది, అంతే," అన్నడు.

పక్కింటాయన మాత్రం కేసీఆర్ వైపే. కరెంటు, నీళ్లు, పింఛన్ ఎట్ల మరుస్తమని గట్టిగ అన్నడు. అబద్ధమేం కాదు; బాయి మోటరుకు రాత్రి పూట కాపలా ఉన్న రోజులు నాన్న చెప్పలేదా? రైతుబంధు పైసలు పోలింగ్ లోపల వెయ్యొచ్చని ఎన్నికల సంఘం 24న ఒప్పుకొని, నిన్న వద్దన్నది. ఆయన ఫోన్ తీసి తీసి చూస్తున్నడు, మెసేజ్ రాలేదు.

రేపు ఎట్లన్న కరీంనగర్ చేరాలె. ఓటు ఉన్నది గద.


భూపాలపల్లి
3 డిసెంబర్, రాత్రి

అమ్మా,

ఇంకా ఇక్కడనే ఉన్న. నూటమూడు జ్వరం రెండు రోజులు. ఎనభై దాటినవని నీకు ఇంటికే వచ్చి ఓటు వేయించుకపోయిన్రు. అందరి ఓట్ల ముచ్చట విన్న నేను మంచంల పడి వెయ్యలేకపోయిన. నువ్వు ఎవరికి వేసినవో ఇప్పటికన్న చెప్పు.

ఇయ్యాల పొద్దటి నుంచి టీవీ ముంగట్నే. కాంగ్రెస్‌కు 64, కారుకు 39. కామారెడ్డిల కేసీఆర్, రేవంత్‌రెడ్డి ఇద్దరినీ ఓడగొట్టి కమలం కాటిపల్లి వెంకటరమణారెడ్డి గెలిచిండు. భూపాలపల్లిల సత్యనారాయణరావు 50 వేలకు పైగ. మానుకోటల మురళీనాయక్ కూడ అంతే. పాలకుర్తిల కోడలు గెలిచింది! జనగామ మాత్రం 15 వేలతోని పల్లాకు పోయింది. అంత గాలిల కూడ. చిన్నత్త కొడుకు ముఖం యాదికొచ్చింది.

మామ ఏమీ అనలేదు. పక్కింటాయన వచ్చి కూసుంటె ఇద్దరూ వడ్ల గురించే మాట్లాడుకున్నరు. సముద్రంల తుపానట, కల్లాలల్ల కుప్పలున్నయి.

రాత్రి సంచి సదురుతుంటె అడుగున ఒక పత్రిక కనబడ్డది, పసుపు కూడ చెదరలేదు. చిన్నత్త ఇంటిదే! సర్వపిండి తిని, గ్రూప్-1 ముచ్చట విని, బొట్టు పెట్టకుండనే ఉరికి వచ్చినం. యారాలు నీ తప్పంటది, భరిణె ఆమె ఒళ్లెనే ఉండె గద అని నేనంటున్న. నాలుగు జిల్లాలు తిరిగి పేరు రానోళ్ల కోపం విన్నదాన్ని, తిన్న ఇంటినే మరిచిపోయిన.

నువ్వు ఫోన్ చేసి "మీకు అందింది గద" అని అడగకు. జ్వరం దిగింది. రేపు కరీంనగర్ బస్సు ఎక్కం. జనగామ పోయి, బొట్టు పెట్టి, ఆమె తిట్టినన్ని తిట్లు తిని వస్తం.

నీ బిడ్డ