ఎర్ర లైటు చెప్పిన మాట

గిద్దలూరులో ఆపా ఇంట్లో దావత్ తిని నంద్యాలకు తిరిగి వస్తున్నాం. మగ్రిబ్ దాటి చాలాసేపయింది. నల్లమల ఘాట్‌లో మలుపు తిరిగినప్పుడల్లా మీటర్ బోర్డు మీద ఎర్ర లైటు వెలుగుతోంది. రోడ్డు తిన్నగా కాగానే ఆరిపోతోంది. దానికి కాస్త పైనే నేను అంటించుకున్న సఫర్ దువా స్టిక్కర్.

"అబ్బూ, ఆ లాల్ బత్తీ ఏంటి?" వెనక సీట్లోంచి బేటీ అడిగింది.

"ఏం లేదు బేటా, హ్యాండ్ బ్రేక్ సరిగ్గా దిగినట్టు లేదు."

అది ఝూట్. హ్యాండ్ బ్రేక్ పూర్తిగా దించే ఉంది. ఆ లైటు నాకు కొత్త కాదు. నాలుగు నెలల కిందట ఇలాగే వెలిగితే, బానెట్ ఎత్తి డబ్బాలో కాస్త బ్రేక్ ఆయిల్ పోశాను. ఆరిపోయింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ఆ రాత్రి చిన్న గేరులో, ఆయతుల్ కుర్సీ చదువుకుంటూ ఘాట్ దిగాను. పక్కన బీవీ నిద్రపోతోంది. నా మీద భరోసాతోనే కదా ఆ నిద్ర.

ఇంటికి రాగానే టార్చి పట్టుకుని బానెట్ ఎత్తాను. బండి చదునైన చోటే ఉంది. డ్రైవర్ వైపు మూలన ఉండే తెల్లటి ప్లాస్టిక్ డబ్బాలో ఆయిల్ మిన్ గీత దగ్గర ఊగిసలాడుతోంది. లోపల తేలే బిళ్ల ఒకటి ఉంటుంది. ఆయిల్ తగ్గితే అది కిందికి దిగి లైటు వెలిగిస్తుంది. మలుపుల్లో ఆయిల్ ఒక పక్కకు ఒరగడం వల్లే వెలిగి ఆరుతోందన్నమాట. మిగిలిపోయిన ఆయిల్ సీసా తెచ్చాను. మూత తీయబోతుంటే వరండాలోంచి అబ్బా గొంతు.

"బేటా, ఉన్న ఆయిల్ ఎక్కడికి పోయింది?"

అబ్బా ముప్పై ఏళ్లు లారీ తోలిన మనిషి. ఇప్పుడు మోకాళ్లు సహకరించవు గానీ తజుర్బా ఎక్కడికి పోతుంది? "ఇంజన్ ఆయిల్ లాగా అది కాలిపోయేది కాదు. బయటికి కారుండాలి, లేదా ప్యాడ్లు అరిగి ఉండాలి. ఏదో తేలకుండా పోస్తే బత్తీ ఆరుతుంది, బీమారీ అలాగే ఉంటుంది."

ఇంజన్ ఆన్ చేసి పెడల్ గట్టిగా తొక్కి పట్టుకోమన్నారు. పెడల్ మెల్లగా కిందికి జారిపోతే బండి అంగుళం కూడా కదపకూడదట. మెకానిక్‌నే ఇంటికి పిలవాలట. అల్హందులిల్లా, పెడల్ నిలబడింది. తర్వాత నాలుగు చక్రాల కిందా పాత పేపర్లు పరిపించారు. మా పేపరే. ఫజర్ తర్వాత వెళ్లి చూశాను. ఒక్క చుక్క తడి లేదు. చక్రాల లోపలి వైపు వేలితో తడిమితే పొడిగానే ఉంది. కారడం లేదంటే ప్యాడ్లే.

వెనక చక్రాలకు రాళ్లు పెట్టి, నట్లు కాస్త వదులు చేసి, ముందు ఎడమ వైపు జాకీ ఎత్తాను. జాకీ జారినా బండి మనిషి మీద పడకుండా స్టెప్నీని బండి కిందికి తోయించారు అబ్బా. చక్రం ఊడదీసి చూస్తే బయటి ప్యాడ్ పర్వాలేదు. "లోపలిది చూడు" అన్నారు. టార్చి వేశాను. కొత్త ప్యాడ్ మందం పది మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. మూడుకు దిగితే మార్చేయాలి. ఇక్కడ రెండు కూడా మిగల్లేదు. ఇంకొన్నాళ్లు పోతే ఇనుమే డిస్కును గీసేది. ప్యాడ్ అరిగేకొద్దీ పిస్టన్ ముందుకు జరుగుతుంది, ఆ ఖాళీలోకి పై డబ్బాలోని ఆయిల్ దిగుతుంది. పోయిన ఆయిల్ హిసాబ్ అదీ.

బజారుకెళ్లి ముందు రెండు చక్రాలకూ ప్యాడ్లు తెచ్చాను. ఒక పక్కే మారిస్తే బండి ఒక వైపుకు లాగుతుంది. క్యాలిపర్ అటూ ఇటూ జరగాల్సిన పిన్నులు బిగుసుకుపోయి ఉన్నాయి. లోపలి ప్యాడ్ ఎక్కువ అరగడానికి అదే కారణం. శుభ్రం చేసి, వాటికోసమే దొరికే గ్రీజు పూశాను. క్లాంపుతో పిస్టన్‌ను మెల్లగా వెనక్కి నొక్కుతున్నాను. ఇంతలో అబ్బా కేకేశారు. డబ్బాలో ఆయిల్ పైకి పొంగుకొచ్చి మ్యాక్స్ గీత దాటి మూత దాకా వచ్చేసింది.

అబ్బా నావైపు చూశారు. "ఇంతకు ముందే పోశావు కదూ?"

తల ఊపాను. దాచిపెట్టింది డబ్బాలోంచే పైకి తేలింది.

కొత్త సిరంజితో ఎక్కువైన ఆయిల్ తీసేశాం. బానెట్ అంచున పడిన చుక్కలను వెంటనే నీళ్లతో కడిగాను, లేకపోతే పెయింట్ లేచిపోతుంది. మిగిలిన పాత సీసా అబ్బా పారేయించారు. మూత తీసిన బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, తేమ పట్టిన ఆయిల్ ఘాట్ వేడికి తొందరగా మరుగుతుంది. అందుకే ఎప్పుడు పోసినా సీలు తీయని సీసాలోదే, డబ్బా మూత మీద డాట్ 3 అని ఉందో డాట్ 4 అని ఉందో చూసి పోయాలి.

చక్రాలు బిగించాక బండి కదపకముందే పెడల్‌ను పదిసార్లు తొక్కించారు. మొదటిసారి నేలదాకా పోయింది, నా గుండె జారింది. పిస్టన్ మళ్లీ ప్యాడ్‌ను అందుకునేదాకా అంతేనట. నాలుగైదు తొక్కులకు గట్టిపడింది. గల్లీలో మెల్లగా నడిపి, ఆపి, చూశాను. లైటు లేదు.

ఆ రాత్రి బీవీకి మొత్తం చెప్పాను, నాలుగు నెలల కిందటి సంగతితో సహా. ఆమె తిట్టలేదు. "పిల్లలు కూడా బండిలో ఉన్నారు కదాజీ" అంది, అంతే. తిట్టినా బాగుండేది.

ఒంటెను కట్టేసి ఆపైన తవక్కుల్ చేయాలన్న మాట ఎన్ని బయాన్లలో విన్నామో. నేను ఒంటెను వదిలేసి దువా చదువుకున్నాను.

ఇరవై ఏళ్లుగా యాక్సిడెంట్ వార్తలు రాస్తున్నాను. 'బ్రేకులు ఫెయిలై' అన్న మాట ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. మొన్న ఒక విలేకరి పంపిన వార్తలో మళ్లీ అదే మాట. ఫోన్ చేశాను. "భాయ్, డ్రైవర్‌ను ఒక్క మాట అడుగు. అంతకు ముందు ఎర్ర లైటు వెలిగిందా అని."