ఇంటికి బండలు పఱపించుట

ఇల్లు కట్టించుట పురుషుల పనియనియు, కట్టిన యింటిని దిద్దుకొనుట స్త్రీల పనియనియు లోకము చెప్పుచుండును. కాని యా దిద్దుకొనుటకు రూకలెన్ని కావలయునో లెక్క వేయునప్పుడు మనల నెవ్వరును పిలువరు. మా యింట నట్లు జరుగలేదు. మావారు బడిపంతులు, పిల్లలకు లెక్కలు చెప్పుటయందు గట్టివారే గాని, దుకాణదారుతో బేరమాడుట వారివలన గాదు. కావున మార్కాపురమునందలి మా పాత యింటి నేల తవ్వించి క్రొత్త బండలు పఱపించు లెక్క యంతయు మాపై బడినది. సోదరీమణుల కుపయోగించునేమోయని దాని నిచట వ్రాయుచున్నాము.

మా మామగారి కాలమున పఱచిన గరుకు బండల సందులు విడిపోయి, వానలు పడగనే వానినుండి మండ్రగబ్బలు వచ్చుచుండెను. అత్తగారికి డెబ్బదియెనిమిదేండ్లు. వారి చేతికఱ్ఱ యా సందులలో రెండుమాఱులు చిక్కుకొనగా తూలి గోడ పట్టుకొని నిలిచిరి. మూడవమాఱు గోడ దొరకునో లేదో! రెండేండ్లు కట్టిన చీటిపాట వలన మా చేతికి వచ్చినది 80,000 రూపాయలు. అమ్మాయి కాలేజీ జీతమునకు వేఱుగా దాచిన సొమ్మును ముట్టగూడదని ముందే నిశ్చయించుకొంటిమి.

మా పెద్ద యాడుబిడ్డగారు మాత్రము, "పిల్లకు సంబంధములు చూడవలసిన యిల్లు, తళతళలాడు టైల్సు వేయింపుము వదినా" అని పట్టుపట్టిరి. వారి మాటను త్రోసివేయక లెక్క చూచితిమి. మా యింటి నడవ 12 అడుగులకు 18, గదులు రెండును 10కి 12 చొప్పున, వంటయిల్లు 8కి 10, వసారా 6కి 18. వెరసి 644 చదరపు అడుగులు. అడుగు 55 రూపాయల టైల్సు నూటికి 18 పన్నుతో 65 అగును. విఱుగుడుతో చేర్చి 44,000. నాపబండలు అడుగు 32 రూపాయల చొప్పున, విఱుగుడుకు హెచ్చుగా 700 అడుగులు కొన్నను 22,400. భేదము 21,600 రూపాయలు. దానిని నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చినచో నెలకు 432, ఏటికి 5,184 రూపాయలు వడ్డీయే కట్టవలయును. అదియు గాక, మయసభలో సుయోధనుడంతవాడు నేలయేదో నీరేదో తెలియక పడెను గదా! తడి నున్నపు నేలమీద ముసలివారి మాట చెప్పనేల? ఆడుబిడ్డగారు నవ్వి యూరకుండిరి.

ఇక మన యూరి పలకరాయి యుండగా పరాయి రాయి యేల యని కొందఱడిగిరి. మార్కాపురపు పలకలు దేశదేశములకు పోయి గోడలకును నేలలకును అలంకారమగుచున్నవి. కాని యది పొరలు పొరలుగా విడు రాయి. కుర్చీలు ఈడ్చు నడవలో అంచులు పెచ్చులూడునని మేస్త్రి చెప్పెను. అత్తగారి యభ్యంతరము వేఱు. "అక్షరాభ్యాసము చేసిన పలకమీద కాలు మోపుటా?" యని వారు చెవులు మూసికొనిరి. బడిపంతులుగారి యింట దానికి ప్రత్యుత్తరము లేదు.

తుదకు బేతంచెర్ల నాపబండలే స్థిరపఱచితిమి. అవి నంద్యాల కావలనుండి నల్లమల కనుమ దాటి గిద్దలూరు మీదుగా వచ్చును. 1970లో ఒంగోలు కేంద్రముగా క్రొత్త జిల్లా యేర్పడువఱకు మనము కర్నూలు జిల్లావారమే. జిల్లా మాఱినను బండల బంధుత్వము మాఱలేదు. నడవకును గదులకును నునుపు పట్టినవి, వసారాకు గరుకువి తెప్పించితిమి.

ఇచట గమనింపవలసినదేమన, దుకాణమున చెప్పు బండల వెల మొత్తపు వ్యయములో మూడవవంతైనను గాదు. బండలు 22,400, బాడుగ, దింపుడు 2,500, పఱచు కూలి అడుగునకు 28 చొప్పున 18,000, సిమెంటు ఇరువది బస్తాలు 7,000, ఇసుక 5,000, పాత నేల తవ్వి మట్టి మోయించుటకు 7,500, గోడ యడుగున అంచుపట్టీకి 4,000, నేల లేచినందున తలుపుల యడుగు కోయించుటకు 1,600, నీళ్లకు 3,600. వెరసి 71,600. దీనిపై 7,000 చేతిలో నుంచుకొంటిమి. సిమెంటుపై పన్ను 2025 సెప్టెంబరు 22 నుండి నూటికి 28 పోయి 18 అగుట మాకు కొంత మేలు చేసినది.

నీళ్ల పద్దు చూచి కోస్తావారు నవ్వవచ్చును. మన పడమటి ప్రాంతమున నది నవ్వులాట గాదు. సిమెంటు గట్టిపడుటకు వారము దినములైనను నేలను తడిగా నుంచవలెను. వైశాఖమున పని పెట్టుకొన్నచో త్రాగుటకే ట్యాంకరు కొఱకు బిందెలు పట్టుకొని నిలువవలసిన వీధులలో నేలకు పోయుట కెక్కడిది? అందుచే సంక్రాంతి వెళ్లిన వెంటనే, పిల్లల పరీక్షలకు ముందు, మాఘమాసమున పని ముగించితిమి. తడి గోనెసంచులు పఱచినందున ఆఱు ట్యాంకర్లతో సరిపోయినది.

కూలి రోజులెక్క గాక గుత్తకిచ్చితిమి. మొదట నాలుగవవంతు, రెండు గదులు ముగిసినపిదప సగము, తక్కినది పరీక్షించిన తరువాత. పరీక్షయనగా, కొయ్యతో బండబండయు తట్టి చూచుటయే. డొల్ల మ్రోత వచ్చినచో క్రింద గచ్చు నిండలేదని గుఱుతు. అట్టివి అయిదు దొరకగా మేస్త్రి మాఱు పలుకక తీసి మరల పఱచెను. వసారాలో చెంబెడు నీళ్లు పోసి వాలు చూచితిమి. బండలు కోయునప్పుడు నీరు పోయుచు కోయుమని, ముఖమునకు గుడ్డ కట్టుకొనుమని పనివారికి గట్టిగా చెప్పితిమి. ఆ రాతి ధూళి ఊపిరితిత్తులను తినివేయును. కూలివాని యూపిరి మన పద్దులో లేదని విడువగూడదు గదా.

నాపరాయి సున్నపురాతి జాతిది. చింతపండు పులుసు, నిమ్మరసము ఒలికినచో వెంటనే తుడువకున్న మచ్చ నిలుచును. సిమెంటు మరకలు పోవుటకు యాసిడ్డు పోసెదమని పనివాడొకడు సీసా తెచ్చెను. వలదని పంపివేసి, కొబ్బరిపీచుతో మేమే రుద్దితిమి. రెండు దినములు నడుము లేవలేదు.

తవ్వి తీసిన పాత బండలలో మంచివి పెరటిలో బట్టలుదుకుచోట వేయించితిమి. మొత్తము మీద 76,900 రూపాయలైనది. మిగిలిన 3,100తో అత్తగారి మంచము నుండి స్నానాలగది వఱకు గోడకు ఇనుప కడ్డీ బిగింపించితిమి. ఇప్పుడు వారు రాత్రివేళ మమ్ము లేపకయే వెళ్లి వచ్చుచున్నారు.