నక్కలు తిరిగిన మైలాపూరు

మద్రాసు మైలాపూరులో ఒకప్పుడు కృష్ణజింకలు మేసేవంటే ఇప్పటి వాళ్లు నవ్వుతారు. ఎడ్వర్డ్ ఎలియట్స్ రోడ్డు పేరే పాతవాళ్లకు తప్ప గుర్తు లేదు, ఇప్పుడది రాధాకృష్ణన్ సాలై. వందేళ్ల కిందట ఆ రోడ్డు మీద తమిళ నవలాకారుడు ఎ. మాధవయ్య ఇల్లు ఉండేది. చుట్టూ పొదలు, ఖాళీ నేల, పిట్టలు. నక్కలు తిరిగేవి, జింకలూ కనబడేవి. ఆ ఇంటి ఎనిమిది మంది పిల్లల్లో ఆఖరివాడు కృష్ణన్. 1912లో తిరునెల్వేలిలో పుట్టాడు. పదకొండేళ్లప్పుడు ఒక ముంగిసను పెంచుకున్నాడు. ప్రకృతి రచయితగా పేరుపడ్డ ఎం. కృష్ణన్ రచనలన్నిటికీ మొదలు ఆ ముంగిస దగ్గరే ఉందని నాకనిపిస్తుంది.

తండ్రి 1925లో పోయాడు. బి.ఏ.లో తమిళం ఉండాలని మద్రాసు విశ్వవిద్యాలయ సెనేట్‌లో మాట్లాడి, అక్కడే కుప్పకూలాడు. కొడుకు ప్రెసిడెన్సీ కాలేజీలో వృక్షశాస్త్రం చదివాడు. గురువు ఫైసన్, కొండల మొక్కల మీద గ్రంథాలు రాసినవాడు. ఆయన వెంట నీలగిరులు, కొడైకెనాల్ కొండలు తిరిగి మొక్కల్ని చూడటం నేర్చుకున్నాడు. నీటిరంగులు వేయడం మాత్రం ఫైసన్ భార్య నేర్పింది. తర్వాత లా చదివాడు, చిన్నాచితకా ఉద్యోగాలు చేశాడు. ఏదీ కుదురుకోలేదు.

1942లో సండూరు వెళ్లాడు. బళ్ళారి పక్కన ఘోర్పడేలు ఏలిన చిన్న సంస్థానం అది. మా అనంతపురం వాళ్లకు పరాయి ఊరేమీ కాదు. గాలీ ఎండా ఒకటే, సంతలో కన్నడమూ తెలుగూ కలిసే వినబడతాయి. అంత చిన్న సంస్థానంలో ఒకే మనిషి నాలుగు పనులు చేయాలి మరి. బడిపంతులు, న్యాయమూర్తి, ప్రచారాధికారి, రాజుగారి రాజకీయ కార్యదర్శి, ఇన్ని కొలువులూ కృష్ణన్ చేశాడు. మిగిలిన పొద్దంతా మేకలతో, పావురాలతో, కొండలతో గడిచింది. తర్వాత నలభై ఏళ్లకు పైగా రాసినదానికి కావలసిన సరుకంతా అక్కడే పోగైంది. 1949లో సంస్థానం మద్రాసు రాష్ట్రంలో కలిసిపోయింది. కృష్ణన్ మద్రాసు తిరిగొచ్చి, మళ్లీ ఎవరి కొలువులోనూ చేరకుండా, రాతా ఫొటోలే బతుకుదెరువుగా పెట్టుకున్నాడు. ఆ రోజుల్లో అడవుల మీద రాసి బతకాలనుకోవడం తెగింపే.

ఆ సండూరు కొండల్ని ఇనుప రాయి కోసం ఎంతగా తవ్వారో చెప్పనక్కర్లేదు. 2011లో సుప్రీంకోర్టు బళ్ళారి జిల్లాలో ఖనిజం తవ్వకాలు ఆపమనేదాకా లారీలు ఆగలేదు. ఎర్రదుమ్ము మా రోడ్ల మీదికీ వచ్చింది.

1950లో కలకత్తా ‘స్టేట్స్‌మన్’లో ‘కంట్రీ నోట్‌బుక్’ శీర్షిక మొదలైంది. మద్రాసులో కూర్చున్న మనిషి రాస్తే కలకత్తా వాళ్లు 46 ఏళ్లు చదివారు. పులులూ ఏనుగులే కాదు, కాకి, పైడికంటె, మేక, తొండ అన్నీ అందులోకి వచ్చాయి. అప్పటిదాకా మన దేశపు అడవి రచనంటే ఎక్కువగా తుపాకీ పట్టుకున్న దొర చెప్పే కథే. జిమ్ కార్బెట్ చేయి తిరిగిన రచయితే, కాదనను, కానీ ఆయన పుస్తకం తెరిస్తే పులి కోసం కాచుక్కూర్చోవాలి. కృష్ణన్ పుస్తకంలో కిటికీ తెరిస్తే చాలు. 1961లో నేషనల్ బుక్ ట్రస్ట్ వేసిన ‘జంగిల్ అండ్ బ్యాక్‌యార్డ్’ పేరులోనే పెరటికీ అడవికీ సమాన పీట ఉంది.

ఆయన జ్ఞాపకాలు రాయాలని కూర్చోలేదు. ఎప్పుడు చూసింది అప్పుడే రాశాడు. వాటిని జ్ఞాపకాలు చేసింది కాలం. ఆ పేజీలు చదువుతుంటే మా ఊరి బీడు గుర్తొస్తుంది. రెవెన్యూ లెక్కల్లో అది బంజరు, అంటే ఎందుకూ పనికిరానిది. తంగేడు, బందారు, రేగు, కలివి పొదలు ఉండేవి. కలివి పండ్లు తిని నాలుక పీచుపీచుగా చేసుకునేవాళ్లం. అడుగు తీసి అడుగు వేస్తే కౌజులు గుంపుగా లేచేవి. రాత్రి తీతువు అరిస్తే మా అవ్వ శాపనార్థాలు పెట్టేది. వంటచెరకుకు పనికొస్తుందని వచ్చిన సర్కారు కంప ఆ పొదల్ని మింగేసింది. మిగిలింది ప్లాట్లయింది.

కృష్ణన్ జీవితమంతా పోట్లాడింది ఇలాంటి వాటి కోసమే. పరాయి దేశపు చెట్లు తెచ్చి మన అడవుల్లో నాటడం ఆయనకు సుతరామూ నచ్చేది కాదు. ముళ్లపొదకూ గడ్డినేలకూ వాటి బతుకు వాటికుంది, మనుషులు చేతులు పెట్టకుంటే అవే కోలుకుంటాయని వాదించాడు. జామాయిల్ నాటి అడవి పెంచామనుకునే వాళ్లకు ఆ వాదన ఇప్పటికీ కొరుకుడు పడదు.

1968లో నెహ్రూ ఫెలోషిప్ వచ్చాక ద్వీపకల్ప భారతంలోని పెద్ద జంతువుల స్థితిగతుల మీద పనిచేశాడు. ‘ఇండియాస్ వైల్డ్‌లైఫ్ ఇన్ 1959-70’ పేరుతో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ 1975లో దాన్ని పుస్తకంగా వేసింది. ముదుమలైలో పెంపుడు ఏనుగు మీదెక్కి అడవి ఏనుగుల్ని ఫొటోలు తీశాడు. అన్నీ నలుపు తెలుపే. వేర్వేరు కెమెరాల ముక్కలు అతికించి తయారుచేసుకున్న పెద్ద కెమెరాకు ‘సూపర్ పాండెరోసా’ అని పేరు పెట్టుకున్నాడు. ఆ యంత్రం మోయడానికే ఒక ఏనుగు కావాలేమో.

కృష్ణన్ వాదించిన గడ్డినేల కథ మా సీమలోనూ ఉంది. కర్నూలు వైపు రోళ్లపాడు గడ్డినేలను బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యం చేశారు. గడ్డిలో హుందాగా నడిచే పక్షి. కాలువ నీళ్లొచ్చాయి, చుట్టూ పైర్లు మారాయి, బట్టమేక కనబడటమే గగనమైంది. నీళ్లు వద్దని కరువు సీమలో ఎవరంటారు? నేనూ అనను. కానీ ఎండు నేలను ఖాళీ నేలగా చూసే అలవాటు మాత్రం నీళ్లకు ముందే మనలో ఉంది. కృష్ణన్‌కు ఆ అలవాటు మీదే కోపం.

1996 ఫిబ్రవరి 18న ఆయన పోయాడు. శీర్షికలో ఆఖరి వ్యాసం అచ్చయిందీ ఆ రోజే. పత్రికల్లో చెల్లాచెదురుగా ఉన్నవాటిని తర్వాతి వాళ్లు ఏరి పుస్తకాలు చేశారు. రామచంద్ర గుహ కూర్చిన ‘నేచర్స్ స్పోక్స్‌మన్’ 2000లో వచ్చింది. తమిళ వ్యాసాల్ని థియొడోర్ భాస్కరన్ ఒక సంపుటిగా తెచ్చాడు. పక్షుల వ్యాసాలు 2012లో ‘ఆఫ్ బర్డ్స్ అండ్ బర్డ్‌సాంగ్’గా వచ్చాయి. మనవరాలి కోసం అక్షరానికో జంతువు చొప్పున రాసి, బొమ్మలు తానే గీసిన పద్యాల పుస్తకం కూడా ఉంది. ఇంట్లో పిల్లలుంటే దానితో మొదలుపెట్టండి. పెద్దవాళ్లు నేరుగా ‘జంగిల్ అండ్ బ్యాక్‌యార్డ్’కే వెళ్లవచ్చు, పాత పుస్తకాల దుకాణాల్లో కాస్త ఓపిగ్గా వెతకాలి.