మీటరు చెప్పేది, చెప్పనిది



మన బడి మేడ మీద పైపుల్లో మట్టి లేకుండా పాలకూర పెంచుతున్నాం కదా! దీన్నే హైడ్రోపోనిక్స్ అంటారు. మట్టి లేదు కాబట్టి నత్రజని, భాస్వరం, పొటాషియం, కాల్షియం లాంటివన్నీ నీళ్లలోనే కలిపి ఇవ్వాలి. ఎంత కలిసిందో కంటికి కనపడదు. అందుకే పెన్ను లాంటి ఆ కండక్టివిటీ మీటరు. మనం ఈ.సీ. మీటరు అంటున్నాం.

దాని కొనకు రెండు చిన్న లోహపు ముక్కలు ఉంటాయి. నీళ్లలో ముంచితే వాటి మధ్య కొద్దిగా కరెంటు పోతుంది. ఉప్పు నీళ్లలో కరిగి అయాన్లుగా విడిపోతుంది. అయాన్లు ఎక్కువుంటే కరెంటు బాగా పోతుంది, అంకె పెరుగుతుంది. ఒక గ్లాసులో ఉప్పు, ఇంకో గ్లాసులో పంచదార కలిపి చూడండి. ఉప్పు గ్లాసులో అంకె గబగబా పైకి పోద్ది. పంచదార వేస్తే పెరగదు. ఎందుకంటే అది అయాన్లుగా విడిపోదు.

అంకెను మైక్రోసీమెన్స్‌లో చదవాలి. పాలకూరకు సాధారణంగా 1800 నుంచి 2300 దాకా ఉంచుతారు. సముద్రపు నీరైతే సుమారు 50,000! అంకె మరీ పెరిగితే ఏమవుద్ది? మాగాయకు మామిడి ముక్కల్లో ఉప్పు వేస్తే నీరంతా ఊటగా బయటికొస్తుంది కదా. వేరు పరిస్థితీ అంతే. చుట్టూ నీళ్లున్నా మొక్క తాగలేదు. ఆకు అంచులు మాడిపోతాయి.

ఎండాకాలంలో మొక్కలు నీళ్లు ఎక్కువ తాగుతాయి. నీరు పోద్ది గానీ ఉప్పు ఉండిపోద్ది. అందుకే మనం ఏమీ వెయ్యకపోయినా అంకె పెరుగుతుంది. అప్పుడు ఉత్త నీళ్లే కలపాలి. అంకె తగ్గితేనే పోషకాలు కలపాలి.

మన జిల్లాలో కొల్లేరుకు కూడా ఈ ఉప్పు బాధ ఉంది. బుడమేరు, తమ్మిలేరు దానిలోకి మంచినీరు తెస్తాయి. ఉప్పుటేరు ఆ నీటిని సముద్రానికి తీసుకుపోతుంది. 2002లో రామ్‌సార్ జాబితాలో చేరిన మంచినీటి సరస్సు అది. కానీ వేసవిలో పైనుంచి వచ్చే నీరు తగ్గితే, ఉప్పుటేరు గుండా సముద్రపు నీరే వెనక్కి ఎగదన్నుతుంది. ఆ వైపు కొన్ని ఊళ్లలో బోరు నీళ్లూ ఉప్పగా ఉంటాయి. అక్కడ ఎవరన్నా మనలా మొక్కలు పెంచాలంటే ముందు ఉత్త నీళ్లనే కొలవాలి. ఆ నీళ్లే 1500 చూపిస్తే ఇక పోషకాలకు చోటెక్కడ?

మీటరు సరిగ్గా చెప్పాలంటే మనం దాన్ని సరిగ్గా చూసుకోవాలి. కొలిచాక కడగకుండా వదిలేస్తే కొనకు తెల్లగా పొర కడుతుంది, అంకె తప్పు వస్తుంది. బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి విదిలించాలి. లోహపు ముక్కల్ని వేలితో రుద్దకూడదు. ముంచాక నెమ్మదిగా తట్టితే గాలి బుడగలు పోతాయి. అంకె నిలబడేదాకా ఆగాలి. నీళ్లు ఒక డిగ్రీ వేడెక్కితే అంకె సుమారు 2 శాతం పెరుగుతుంది. మన మీటరు దాన్ని తనే సరిచేసుకుంటుంది గానీ, అందుకు కొంచెం టైము కావాలి. సరిచూసే ద్రావణం 25 డిగ్రీల దగ్గర 1413 చూపించాలి. మూతలో కొద్దిగా పోసుకుని చూసి పారబొయ్యాలి, మళ్లీ సీసాలో పొయ్యకూడదు. సెలవులకు వెళ్లేటప్పుడు బ్యాటరీలు తీసెయ్యాలి.

ఇప్పుడు అసలు మాట. సెలవుల్లో మా అయ్య అడిగాడు, "మన వాగు నీళ్లు మంచియో కాదో అది చెప్పుద్దా?" అని. మన ఏజెన్సీ ఊళ్లలో చాలామంది తాగేది వాగు నీళ్లే. కొండవాగులో ఉప్పు తక్కువ, కాబట్టి అంకె చిన్నగా వస్తుంది. అది చూసి "మంచినీళ్లే" అనుకుంటే ప్రమాదం! విరేచనాలు తెచ్చే క్రిములు మీటరుకు కనపడవు. సీసం లాంటి విషం కొంచెం కలిసినా అంకె కదలదు. కరిగిన ఉప్పులన్నీ కలిపి ఎంతో చెప్పుద్ది, అంతే. "చెప్పదు అయ్యా, కాచే తాగాలి" అని చెప్పాను. వర్షాకాలం ఇళ్లకు వెళ్లినప్పుడు మీరూ ఇంట్లో చెప్పండి. చదువుకున్న పిల్ల చెప్తే వింటారు.

వార్డెన్ మేడంగారికి ఒక మనవి. 1413 ద్రావణం సీసా అడుగంటింది. అది లేకపోతే మీటరు చెప్పేది నిజమో కాదో తేల్చుకోలేం. దయచేసి కొత్తది తెప్పించండి. అంకెలు రాయడానికి పైపుల దగ్గర ఒక నోటుబుక్కు దారం కట్టి వేలాడదీశాం. ఈ ఆదివారం సాయంత్రం మీటరు సరిచూస్తాం. నేర్చుకోవాలనుకునే 8వ తరగతి చెల్లెళ్లు రావచ్చు. చేతులు కడుక్కుని రండి.

– 9వ తరగతి విద్యార్థిని