ఐదు నోళ్ళ డబ్బా - రెండు స్పీకర్లు

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయండన్నా అని తమ్ముళ్ళు అడిగినప్పుడు, మా 2004 పదో తరగతి బ్యాచ్ వాళ్ళం ఏం రాయాలా అని చాలా ఆలోచించాం. నీళ్ళచారు గురించి, ట్రంకు పెట్టెల తాళాల గురించి, చలికాలం తెల్లవారుజామున బోరింగు దగ్గర స్నానాల గురించి మాకంటే ముందువాళ్ళే రాసేశారు. అందుకే ఈసారి ఒక డబ్బా గురించి రాస్తున్నాం. నవ్వకండి. చివరిదాకా చదవండి!

2023 ఫిబ్రవరిలో వార్షికోత్సవం పనుల మీద మేం ఏడుగురం హాస్టల్‌కు వచ్చాం. స్టోర్ రూములో బియ్యం బస్తాల వెనక గోనెసంచి కప్పిన నల్లని పెట్టె ఒకటి కనబడింది. మా సీనియర్ అన్న ఒకాయన ఇల్లు మారుతూ హాస్టల్‌కు ఇచ్చిపోయిన సరౌండ్ సౌండ్ రిసీవర్ అది. 2001లో కొన్నదట. ముందు రెండు, మధ్యలో ఒకటి, వెనక రెండు, మొత్తం ఐదు స్పీకర్లు పెట్టుకుని ఇంట్లోనే సినిమా హాల్లో ఉన్నట్టు వినడానికి చేసిన యంత్రం. ఆ ఐదింటిలో మూడు ఎలుకల పాలయ్యాయి. ముందు పెట్టే రెండే మిగిలాయి.

"ఐదు నోళ్ళున్న దానికి రెండు నోళ్ళు మిగిలినయి. పాత సామాన్లోనికి ఎయ్యుండ్రి బిడ్డా, జాగన్నా ఖాళీ అయితది" అన్నాడు వంట పెద్దయ్య. వార్డెన్ సార్ భయం వేరు. "పిల్లలుండే చోటు. షార్ట్ సర్క్యూట్ అయితే ఎవరు జవాబుదారీ?" అన్నారు. ఆయన మాటలో తప్పేం లేదు.

మాలో ఒకడు ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చేసినవాడు. వాడు పెట్టెను ఎత్తి చూసి, "పది కిలోల పైనే ఉంది సార్. ఈ బరువంతా లోపలి ట్రాన్స్‌ఫార్మర్‌ది. ఐదు స్పీకర్లను మోయడానికి చేసింది రెండింటిని మోయలేదా? ఒక్క సాయంత్రం టైమివ్వండి" అన్నాడు. సార్ ఒప్పుకున్నారు, తాను పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంటానని షరతు పెట్టి!

కానీ మాకు ఆ డబ్బాతో పని వార్షికోత్సవం పాటల కోసం మాత్రమే కాదు. అసలు సంగతి వేరే ఉంది.

మా ఏడో నంబరు గది మిత్రుడు ఒకడు ఆ రోజు సంచిలో ఒక క్యాసెట్ తెచ్చాడు. వాళ్ళమ్మ వరినాట్లకు వెళ్ళినప్పుడు పాట ఎత్తుకునే మనిషి. ఆమె మొదలుపెడితే మడిలో ఉన్నవాళ్ళంతా అందుకునేవారట. 1997లో వాళ్ళ మేనమామ దుబాయ్ నుంచి టూ-ఇన్-వన్ తెచ్చి, దాని మైకు ముందు అక్కను కూర్చోబెట్టి పాడించి రికార్డు చేశాడు. రెండేళ్ళకే, 1999లో, ఆమె పోయింది. ఆ తర్వాతే వీడు హాస్టల్‌లో చేరాడు. ఆ క్యాసెట్ వాడి ట్రంకు పెట్టెలో బట్టల అడుగున ఉండేది. మేమందరం చూశాం కానీ ఎన్నడూ వినలేదు. హాస్టల్‌లో టేప్ లేదు, వాడి ఇంట్లోనూ లేదు. ఉన్న ఒక్క ఫొటో 2000లో ఇల్లు కురిసినప్పుడు తడిసి పోయింది. అంటే వాళ్ళమ్మ ఈ లోకంలో మిగిలింది ఆ టేపులోనే.

టేప్ ప్లేయర్ ఒక టైలర్ దగ్గర దొరికింది. దాని స్పీకర్లు చిరిగిపోయాయి గానీ, హెడ్‌ఫోన్ సాకెట్ పనిచేస్తోంది. దాని నుంచి రిసీవర్ వెనక ఎరుపు, తెలుపు రంధ్రాలకు వైరు వేస్తే చాలన్నాడు మా ఐటీఐ మిత్రుడు.

ముందు రిసీవర్ దుమ్ము దులిపాం. ప్లగ్గు తీసేసి ఉంచి స్పీకర్ వైర్లు బిగించాం. ఒక్క రాగిపోగు పక్క పోగుకు తగిలినా యంత్రం తనను తాను ఆపేసుకుంటుందని, ఒక్కోసారి కాలిపోతుందని వాడు పోగులన్నీ మెలిపెట్టి మరీ దూర్చాడు. వెనక రాసి ఉన్న ఓమ్‌ల లెక్క, స్పీకర్ల మీది లెక్క సరిపోయాయో లేదో చూశాడు. స్విచ్ వేస్తే కొన్ని క్షణాల తర్వాత లోపల 'టక్'మంది. మేం ఉలిక్కిపడ్డాం. సార్ లేచి నిలబడ్డారు. అది రిలే శబ్దం, అంతా బాగుంటేనే స్పీకర్లను కలుపుతుందని మావాడు నవ్వాడు.

ఎఫ్.ఎం. రేడియో పెట్టాం. వార్తలు చదివే ఆమె గొంతు ఎక్కడి నుంచి వస్తోందో తెలియకుండా డొల్లగా వినబడింది. చూస్తే ఒక స్పీకర్‌కు ఎరుపు, నలుపు తారుమారు చేశాం. అట్లా చేస్తే ఒక స్పీకర్ గాలిని ముందుకు తోసేటప్పుడు రెండోది వెనక్కు లాగుతుంది. ఒకదాని పని ఇంకొకటి చెరిపేస్తుంది. ఆపి, సరిచేసి మళ్ళీ పెడితే, గొంతు వచ్చి సరిగ్గా రెంటి మధ్యన నిలబడింది! అక్కడ స్పీకరే లేదు. పిల్లలు వెళ్ళి గోడ తడిమి చూశారు.

ఇక క్యాసెట్ వంతు. పెన్సిల్‌తో టేపును నిదానంగా అటూ ఇటూ తిప్పి వదులు చేశాం. ప్లేయర్ హెడ్‌ను మందుల పెట్టెలోని స్పిరిట్‌తో తుడిచాం. మా మిత్రుడే తన చేత్తో బటన్ నొక్కాడు.

సొయ్‌మని టేపు శబ్దం. అంతే. చెవి దగ్గర పెడితే ఎక్కడో బావి అడుగున ఎవరో మాట్లాడుతున్నట్టు లీలగా ఒక మనిషి జాడ. పాట లేదు. వాల్యూమ్ పెంచాం. సొయ్‌మనే శబ్దమే పెరిగింది. తిరగేసి పెట్టాం. అదే. ఇరవై ఆరేళ్ళ టేపు, చెమ్మకు చెడిపోయిందేమో అన్నారెవరో. మా మిత్రుడు ఏమీ అనలేదు. క్యాసెట్ తీసి కవరులో పెట్టుకోబోయాడు. వాడికేం చెప్పాలో మాలో ఒక్కరికీ తోచలేదు.

అప్పుడు తొమ్మిదో తరగతి తమ్ముడొకడు అడిగాడు: "అన్నా, రేడియో పెట్టినప్పుడు ఆ తెర మీద 'స్టీరియో' అని ఉండె. ఇప్పుడు 'ప్రో లాజిక్' అని వస్తున్నది. ఎందుకు?"

మా ఐటీఐ మిత్రుడు నెత్తి కొట్టుకున్నాడు!

తమ్ముళ్ళారా, సంగతి ఇది. డాల్బీ ప్రో లాజిక్ అనే పద్ధతి 1987లో వచ్చింది. రెండు చానళ్ళలో వచ్చే సినిమా శబ్దాన్ని విడదీసి మిగతా స్పీకర్లకు పంచడం దాని పని. ఎడమ, కుడి రెంటిలో సమానంగా ఉన్నదాన్ని అది "ఇది మాట, మధ్య స్పీకర్‌ది" అనుకుని అక్కడికి పంపేస్తుంది, ఎడమ కుడిల నుంచి తీసేస్తుంది. అమ్మ పాట ఒక్క మైకుతో తీసింది కాబట్టి రెండు వైపులా సమానంగానే ఉంది. పాటంతా మధ్య స్పీకర్‌కు పోయింది. అక్కడ స్పీకర్ ఎక్కడిది? ఎలుకలు తిన్నాయి! టేపు సొయ్‌మనే శబ్దం మాత్రం రెండు వైపులా ఒకేలా ఉండదు కనుక అది మిగిలిపోయింది. మరి రేడియో ఎందుకు బాగా పలికింది? ఆ రిసీవర్ ఒక్కో ఇన్‌పుట్‌కు ఒక్కో పద్ధతి గుర్తుపెట్టుకుంటుంది. మేం వైరు వేసిన చోట సీనియర్ అన్న సినిమాలు చూసేవాడు. డబ్బా ఇంకా ఐదు స్పీకర్లున్న ఆ ఇంట్లోనే ఉన్నాననుకుంటోంది.

రిమోట్ లేదు. ముందువైపు 'స్టీరియో' బటన్ ఉంది. మా మిత్రుణ్ణి రెండు స్పీకర్లకూ సమాన దూరంలో కూర్చోబెట్టి, మళ్ళీ టేపు పెట్టి, ఆ బటన్ నొక్కాం.

ఆమె పాడింది. ఎదురుగా, మధ్యలో, ఖాళీ గోడ దగ్గర కూర్చుని పాడుతున్నట్టే ఉంది. పాట మధ్యలో ఒకసారి ఆపి, దగ్గి, "అటు పోకు బిడ్డా" అంది. మా మిత్రుడికి అప్పుడు ఏడెనిమిదేళ్ళు. ఆ బిడ్డ వీడే. నలభైకి దగ్గరపడుతున్నవాడు డైనింగ్ హాల్లో బండల మీద కూర్చుని ఏడ్చాడు. మేమెవరం ఓదార్చలేదు. వంట పెద్దయ్య పొయ్యి మంట తగ్గించి వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. సార్ కళ్ళజోడు తుడుచుకున్నారు. టేపు అయిపోయేదాకా ఎవరూ కదల్లేదు.

ఆ రాత్రే ఆ పాటలను కంప్యూటర్‌లోకి ఎక్కించాం. ఇప్పుడు అవి మా ఏడుగురి దగ్గరా ఉన్నాయి.

రెండు స్పీకర్లతో మధ్యలో గొంతును నిలబెట్టే ఈ విద్య ఈనాటిది కాదు. ఇంగ్లండ్‌లో అలన్ బ్లమ్‌లైన్ అనే ఇంజినీరు 1931లోనే దీనికి పేటెంటు అడిగాడు. కావలసింది రెండు స్పీకర్లు, ఆ రెంటికీ సమాన దూరంలో ఒక మనిషి, అంతే!

చివరగా తమ్ముళ్ళకు నాలుగు మాటలు. పాత సరౌండ్ రిసీవర్ ఎవరింట్లోనైనా మూలన పడి ఉంటే పారేయకండి. స్పీకర్ల సెట్టింగులో మధ్యది, వెనకవి, సబ్‌వూఫర్ 'లేవు' అని పెట్టండి, ముందువి 'లార్జ్' అని పెట్టండి. లేకపోతే గొంతో, లావు శబ్దమో లేని స్పీకర్‌కు పోతుంది. పుస్తకం పోతే ఇంటర్నెట్‌లో వెతకండి, మాది దొరికింది. 'స్టీరియో' గానీ 'డైరెక్ట్' గానీ నొక్కి వినండి. హెచ్‌డీఎంఐ లేకపోయినా బాధ లేదు. ఫోన్ నుంచి ఎరుపు తెలుపు వైరు చాలు. టీవీకి ఆప్టికల్ వైరు వేస్తే, టీవీ సెట్టింగులో 'పీసీఎం' పెట్టండి. డబ్బా మీద గుడ్డలు, పుస్తకాలు పెట్టకండి, దానికి గాలి ఆడాలి. వైర్లు ముట్టేముందు ప్లగ్గు తీయండి. ఇది సార్ మరీ మరీ రాయమన్నారు!

ఆ డబ్బా ఇప్పుడు స్టోర్ రూములో లేదు. డైనింగ్ హాల్లో బల్ల మీద ఉంది. మన హాస్టల్‌లో చదివిన చాలామంది ఇళ్ళల్లో అమ్మల, నాయినల, తాతల గొంతులు ఏ డబ్బాల్లోనో పడి ఉంటాయి. వచ్చే వార్షికోత్సవానికి వచ్చేటప్పుడు ఆ క్యాసెట్లు వెంట తెచ్చుకోండి. టేప్ ప్లేయర్ బాగు చేయించి పెట్టాం. వైరు కూడా ఉంది.