కావడిబద్ద... కెమెరా లెన్సు!

ఉదయం ఆరున్నర. నేలపట్టు చెరువు మీద మంచు ఇంకా పూర్తిగా విడలేదు. నీళ్లలో నిలబడ్డ చెట్ల మీద మాత్రం అప్పుడే సంత మొదలైంది. గూడబాతులు, నత్తగుల్లకొంగలు, నీటికాకులు... ఏ కొమ్మ చూసినా హౌస్‌ఫుల్లే!

1976 నుంచి ఇది పక్షుల రక్షిత కేంద్రం. గూడబాతులు పులికాట్ సరస్సులో చేపలు పట్టుకొచ్చి ఇక్కడి గూళ్లలో పిల్లల్ని పెంచుతాయి. వాటి రెట్టలు కలిసిన చెరువు నీళ్లే పొలాలకు ఎరువు. అందుకే ఊరివాళ్లకి ఈ పక్షులంటే అంత ప్రేమ.

వాచ్‌టవర్ ఎక్కి ట్రైపాడ్ నిలబెట్టా. నా కెమెరా సోనీ ఎ6400. బ్యాటరీతో కలిపి 403 గ్రాములు. దానికి తగిలించిన 200-600 ఎంఎం లెన్సేమో 2,115 గ్రాములు. అంటే ఐదింతలు! పైగా అది నాది కాదు. ఓ మిత్రుడు రెండేళ్లు కూడబెట్టి కొనుక్కున్నది. ఇచ్చేటప్పుడు 'జాగ్రత్త' అని ఒక్కమాటే అన్నాడు. దారంతా అదే చెవిలో మోగింది.

తెలిసీ తెలియక ట్రైపాడ్ మరని కెమెరా అడుగున బిగించా. లెన్సుని గూటివైపు తిప్పి చెయ్యి తీశానో లేదో... ముందుకి ఒరిగిపోయింది. ట్రైపాడ్ వెనక కాలు గాల్లోకి లేచింది. రెండు చేతులతో వాటేసుకున్నా కాబట్టి సరిపోయింది!

పక్కనున్న వాచర్ నవ్వాడు. 'ఏంది సార్, కావడిబద్దని ఎవరైనా కొసన పట్టుకుంటారా?'

నిజమే. బరువంతా ముందుంటే నేను పట్టుకున్నది వెనక కొసని. లెన్సు నడుముకి ఓ రింగు, దానికో పాదం ఉండేది ఇందుకే. ట్రైపాడ్ మీద కూర్చోవాల్సింది అదీ. కింద పొడవాటి ప్లేటు ఉంటే మరీ మంచిది. బిగింపు కాస్త వదులు చేసి, చేతులు దగ్గరే ఉంచి చూడాలి. లెన్సు ముక్కు కిందికి వాలితే వెనక్కి జరపాలి. కెమెరా వాలితే ముందుకి. ఎటూ వాలకుండా నిలిచిన చోటే కావడికి భుజం! జూమ్ చేస్తే పొడవు పెరిగే లెన్సయితే, వాడబోయే జూమ్ దగ్గరే సరిచూసుకోవాలి.

చేత్తో పట్టుకున్నా అంతే. ఎడమ అరచెయ్యి లెన్సు కింద ఉండాలి, మోచేతులు డొక్కలకి ఆనాలి. కుడిచేతిది బటన్ నొక్కే పనే. భుజానికి వేసుకునే పట్టీ కూడా లెన్సు పాదానికే తగిలించాలి. కెమెరాకి తగిలిస్తే బరువంతా రెండింటినీ కలిపే చోట పడుతుంది.

అన్నీ సర్దుకుని తలెత్తేసరికి ఓ గూడబాతు లేచింది. అంత పొడవు ముక్కు, కింద సంచి! ముందుకి చాచుకుని ఎగిరితే తూలిపోదూ? మెడ మడిచి, తలని భుజాల మీదికి లాక్కుని, రెక్కలు బార్లా చాపి హాయిగా సాగిపోయింది. దానికి ఏ వాచరూ చెప్పాల్సిన పని లేదు మరి!

ఈసారి లెన్సు వణకలేదు. కన్ను, ముక్కు మీది మచ్చలు కూడా స్పష్టంగా పడ్డాయి. ఆ ఫొటో ముందుగా మిత్రుడికే పంపా, 'లెన్సు క్షేమం' అని.

ఎలా వెళ్లాలి?
సూళ్లూరుపేట నుంచి సుమారు 20 కిలోమీటర్లు, చెన్నై-నెల్లూరు జాతీయ రహదారికి దగ్గర్లోనే. అక్టోబరు నుంచి మార్చి దాకా మంచి సమయం.