పన్నెండో రోజు తరవాత

మనవాళ్ళ ఇంట్లో ఎవరైనా పోయారని తెలిస్తే జెర్సీ సిటీలో ఏం జరుగుతుందో అందరికీ తెలిసిందే. గంటలో ఫోన్లు తిరుగుతాయి. ఆ ఇంట్లో పొయ్యి వెలగదు గనక ఒకరు అన్నం, చారు కారియరులో పట్టుకుపోతారు. ఇంకొకరు పిల్లల్ని తమ ఇంటికి తీసుకుపోయి పడుకోబెడతారు. ఫ్యూనరల్ హోం వాళ్ళతో మాట్లాడేందుకు ఒకరు, పురోహితుడి కోసం ఒకరు. భౌతికకాయాన్ని ఇండియాకు చేర్చాలంటే తానా టీమ్ స్క్వేర్ వంటి వాళ్ళు కాగితాల దగ్గర్నుంచీ సాయపడతారు. ఈ విషయంలో మనవాళ్ళకు వంక పెట్టటానికి లేదు. పెళ్ళికి భోజనాల వేళకు చేరేవాళ్ళు కూడా చావుకు మాత్రం అందరికంటే ముందు వస్తారు.

పన్నెండో రోజు భోజనాలయ్యాక కారియర్లు ఎవరివి వారికి చేరతాయి. ఆ తరవాత ఆ ఇల్లు ఎలా ఉంటుందో చూసేవాళ్ళు తక్కువ.

న్యూఆర్క్ ఎవెన్యూకు అటూ ఇటూ కాపురముంటున్న నాలుగు కుటుంబాల వాళ్ళం మేము. కొన్నేళ్ళుగా ఇటువంటి ఇళ్ళకు పన్నెండో రోజు తరవాత వెళ్ళి వస్తున్నాం. మాలో డాక్టర్లు లేరు, సైకాలజీ చదివినవాళ్ళూ లేరు. అన్ని దుఃఖాల గురించీ రాయటం లేదు. తాగుడు వల్లనో, మాత్రల వల్లనో మనిషి పోయిన ఇంటి సంగతే ఇది.

అటువంటి ఇంట్లో పరామర్శకు వచ్చినవాళ్ళకు చెప్పే మాట ఒకటే: “గుండె ఆగింది.” అది అబద్ధమూ కాదు. ఎవరికైనా చివరకు ఆగేది గుండే కదా. విన్నవాళ్ళు తల పంకించి, కొలెస్టరాల్ గురించి నాలుగు ముక్కలు మాట్లాడి లేస్తారు. కారు ఎక్కాక మాత్రం అసలు సంగతి మాట్లాడుకుంటారు. ఇంటివాళ్ళకు అదీ తెలుసు.

మాకు తెలిసిన ఒక ఇల్లాలు నెలరోజుల తరవాత మాలో ఒకరితో అన్న మాట ఇది. “అందరూ వచ్చి ఆయనెంత మంచివారో చెప్పి వెళ్ళారు వదినగారూ. మంచివారే. కాని ఆరేళ్ళపాటు రాత్రిళ్ళు తలుపులో తాళంచెవి తిరిగిన చప్పుడుకు నా కడుపులో ఏమయ్యేదో ఎవరికి చెప్పుకోను? ఇప్పుడా చప్పుడు లేదు. నిద్ర పడుతోంది. నిద్ర పడుతోందని ఏడుస్తున్నాను.”

దానికి జవాబు మా దగ్గర లేదు. మాలో ఒకరు లేచి కాఫీ పెట్టారు, అంతే. అటువంటి ఇంట్లో దుఃఖంతోబాటు కోపమూ ఉంటుంది, కాస్త ఊరటా ఉంటుంది, ఊరట కలిగినందుకు సిగ్గూ ఉంటుంది. మన పరామర్శ మాటల్లో వీటికి చోటు లేదు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా దుకాణం మూయించిన సంగతి మీకు తెలుసు. వయోజన విద్య తరగతుల్లో కలుసుకున్న ఆడవాళ్ళే అక్కడ కొంగు బిగించారు. రోశమ్మగారి పేరు రాష్ట్రమంతా మారుమోగింది. 1993 అక్టోబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్ అంతటా సారా నిషేధించారు. 1995లో సంపూర్ణ మద్యనిషేధమే వచ్చింది, 1997లో దాన్ని ఎత్తేశారు కూడా. ఆ రాజకీయాలు అలా ఉంచండి. మాకు తోచే సంగతి వేరు. పల్లెలో తాగినవాడు వీధిలో పడతాడు. ఎవరి మొగుడు ఏ రాత్రి ఏం చేశాడో పక్కింటికి తెలుసు. గనక ఆ ఆడవాళ్ళు ఒకరికొకరు కొత్తగా చెప్పుకోవలసింది లేకపోయింది, కలిసి నడవటమే మిగిలింది. ఇక్కడ మన ఇళ్ళల్లో తాగినవాడు వీధిలో పడడు. సోమవారం పొద్దున్నే టై కట్టుకుని, జర్నల్ స్క్వేర్‌లో పాత్ రైలెక్కి ఆఫీసుకు పోతాడు. నెల తిరిగేసరికి జీతం వస్తూనే ఉంటుంది. భార్య ఎవరితోనన్నా అంటే “నీకేమమ్మా, ఇంత ఉద్యోగం!” అంటారు. ఆ తరవాత ఆవిడ నోరు మెదపదు.

ఆ జర్నల్ స్క్వేర్‌లోనే ఎదురు దిక్కుకు పోయే రైలెక్కితే కొద్ది నిమిషాల్లో న్యూఆర్క్. అక్కడ విలియం స్ట్రీట్‌లో ఒక చిన్న ఆఫీసులో 1938లో బిల్ విల్సన్ అనే ఆయన చెపుతూంటే సెక్రటరీ ఒకావిడ ఒక పుస్తకాన్ని టైపు చేసింది. 1939లో అచ్చయిన ఆ పుస్తకం పేరే ఆల్కహాలిక్స్ అనానిమస్. విల్సన్ కథ చాలామంది చెపుతారు. మాకు ఆయన భార్య లోయిస్ కథ ఎక్కువ పనికొచ్చింది. భర్త తాగుతున్నన్నాళ్ళూ డిపార్ట్‌మెంటు స్టోరులో పనిచేసి ఇల్లు నడిపింది. 1934 చివర్లో ఆయన మానేశాడు. అంతటితో ఆవిడ కష్టం తీరాలి కదా! తీరలేదు. తాను అన్నేళ్ళు ప్రాణం పెట్టినా మారని మనిషి ఎవరో కొత్తవాళ్ళ మాటకు మారటం ఆవిడకు మింగుడు పడలేదు. ఒకరోజు, మీటింగుకు వేళైంది త్వరగా పదమన్నందుకు ఆయన మీదికి చెప్పు విసిరింది. ఈ సంగతి ఆవిడే తరవాత చెప్పుకుంది. తాగినవాడికే కాదు, వాడితో బతికినవాళ్ళకూ కోలుకోవటం అవసరమని అలా తెలిసింది. 1951లో ఆవిడా, ఆన్ అనే స్నేహితురాలూ కలిసి ఇంటివాళ్ళ కోసం ఆల్-అనాన్ మొదలుపెట్టారు.

మనవాళ్ళు అక్కడికి వెళ్ళరు. ఎక్కువ మీటింగులు చర్చి బేస్‌మెంటుల్లో జరుగుతాయి గనక మతం కలుపుతారేమోనని ఒక భయం. వాళ్ళకు ఏ మతంతోనూ సంబంధం లేదు. ఫీజు లేదు, ఇంటిపేరు అడగరు. ఒకరు మాట్లాడుతూంటే మరొకరు అడ్డం రారు, సలహా చెప్పరు. సలహా చెప్పకుండా గంటసేపు కూర్చోవటం! తెలుగువాడికి ఏకాదశి ఉపవాసం ఇంతకంటే సులువు. కాని మేము మా ఇళ్ళల్లో కూర్చునేటప్పుడు ఈ ఒక్క నియమం మాత్రం వాళ్ళ దగ్గర్నుంచి తెచ్చుకున్నాం. “ముందే కనిపెట్టలేకపోయావా”, “అంతా కర్మ”, “పిల్లల కోసమైనా ధైర్యంగా ఉండు” అనే మూడు మాటలూ మా దగ్గర చెల్లవు.

ఇది తెల్లవాళ్ళ పద్ధతి అనేవాళ్ళకు ఇంకొక మాట. మద్రాసులో శాంతి రంగనాథన్‌గారు భర్తను తాగుడుకు పోగొట్టుకున్నారు. తరవాత మిన్నెసోటాలోని హేజెల్డెన్‌లో శిక్షణ పొంది 1980లో తమ ఊళ్ళోనే చికిత్సా సంస్థ పెట్టారు. అక్కడ రోగికి వైద్యంతోబాటు ఇంటివాళ్ళకు విడిగా తరగతులున్నాయి. 1992లో ఆవిడకు పద్మశ్రీ ఇచ్చారు. ఆవిడ తన దుఃఖాన్ని దాచుకుని ఉంటే ఆ సంస్థే లేదు.

ఇక కొన్ని పనికొచ్చే సంగతులు. చికిత్సకు వెళితే ఉద్యోగం పోతుందని భయపడతారు. మత్తు చికిత్స కాగితాలను రోగి ఒప్పుకోలు లేకుండా యజమానికి ఇవ్వకూడదని 1970ల నుంచే ఫెడరల్ చట్టముంది. హెచ్-4 మీద ఉన్న భార్యకు భర్త పోతే ఆ వీసాకే ఆధారం పోతుంది గనక పెద్దకర్మ అయ్యేదాకా ఆగకుండా వకీలును చూడాలి. ఈ పని మాలో ఒకరు చేయించుకొస్తారు. దుఃఖంలో ఉన్నవాళ్ళకు ఫారాలు నింపి పెట్టటం అన్నం పెట్టటంతో సమానం. 2021లో ఈ దేశంలో మందుల మోతాదు మించి లక్షమందికి పైగా పోయారు. అందులో మనబోటి ఇళ్ళ పిల్లలూ ఉన్నారు. ఓపియాయిడ్ మోతాదు మించినప్పుడు ముక్కులో కొట్టే నలోక్సోన్ అనే మందు మనిషిని బతికించగలదు. న్యూజెర్సీలో 2023 జనవరి నుంచి, పథకంలో చేరిన ఫార్మసీల్లో పధ్నాలుగేళ్ళు దాటినవాళ్ళకు పేరు అడక్కుండా ఉచితంగా ఇవ్వటం మొదలుపెట్టారు. అంతమాత్రాన పిల్లల్ని అనుమానించినట్టు కాదు. ఇంట్లో మంటలార్పే సిలిండరు పెట్టుకోమూ?

పైన చెప్పిన ఇల్లాలు కొన్ని నెలలు మా దగ్గరికి వచ్చి, ఒక్క మాటా అనకుండా వెళ్ళిపోయేది. తరవాత మాట్లాడింది. సంవత్సరీకం నాడు వంట తనే చేసింది. భోజనాలయ్యాక పదిమందిలో, గొంతు పెంచకుండా, ఆయన తాగుడువల్ల లివరు చెడి పోయారని చెప్పింది. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. చంటిపిల్ల ఒకతె గిన్నె పడేసి అందరినీ గట్టెక్కించింది.

తిరిగి వెళ్ళేటప్పుడు ఒకాయన మెట్లమీద మమ్మల్ని ఆపి, ఆ ఆల్-అనాన్ మీటింగు ఏ వారం, ఎన్నింటికని అడిగారు. తమ్ముడి కోసమట. కాగితం మీద రాసిచ్చాం.